పాత మస్టాంగ్ బాడీని గట్టిపరచడం ఎలా: టార్క్ బాక్సులు, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, షాక్ టవర్లు

పాత ఫోర్డ్ మస్టాంగ్ పెట్టుకున్న పాఠకులు, ముఖ్యంగా అమెరికాలో శనివారాలు, ఆదివారాలు గరాజులో గడిపే మన వాళ్ళు, తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. చక్రం గుంటలో పడితే కారంతా కిర్రుమంటోందని, ఒక మూల జాకీ పెట్టి లేపితే తలుపు పట్టేస్తోందని, పెద్ద ఇంజను వేశాక బాడీ అతుకుల దగ్గర పెయింటు చిట్లుతోందని, దీనికి ఎక్కడ ఏ ఇనుము వేయాలని వారి ప్రశ్న. 1965 నుంచి 1970 వరకు వచ్చిన మస్టాంగ్ కూపే, ఫాస్ట్‌బ్యాక్ కార్లకు వర్తించే జవాబు ఇది. కన్వర్టిబుల్ కార్లకు ఫ్యాక్టరీలోనే నేల కింద అదనపు పలక, తలుపుల కింద దిట్టమైన రాకర్లు వేశారు కాబట్టి వాటికి కనెక్టర్ల కిట్ వేరుగా ఉంటుంది. 1967–69 షెవర్లే కమారోలో ముందు భాగం బోల్టులతో బిగించిన విడి సబ్‌ఫ్రేమ్ కనుక, ఇందులోని కొలతల పద్ధతి దానికీ పనికి వస్తుంది గాని భాగాలు పనికి రావు.

తెలుసుకోవలసిన సిద్ధాంతం కొంచెమే. లారీకి ఉన్నట్టు ఈ కారుకు విడి ఛాసిస్ లేదు. ముందు రెండు రెయిళ్ళు ఇంజను పక్కల నుంచి వచ్చి ముందు సీట్ల దగ్గర నేలరేకు కింద ఆగిపోతాయి. వెనుక రెండు రెయిళ్ళు కమాను కట్టల ముందు కొస దగ్గర మొదలై డిక్కీ కిందికి సాగుతాయి. నడుమ కారును పట్టి ఉంచేవి పలచని నేలరేకు, గేర్‌బాక్స్ సొరంగం, తలుపుల కింద గుమ్మంలా సాగే రాకర్ పెట్టెలు మాత్రమే. పైగా ఈ కారులో ముందు స్ప్రింగు పై కంట్రోల్ ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి ముందు బరువు ఇంజనుకు రెండు పక్కలా నిలిచే రేకు స్తంభాల మీదే, అంటే షాక్ టవర్ల మీదే పడి, ఏళ్ళ తరబడి వాటిని లోపలికి వాలుస్తుంది. అందువల్ల చేయవలసిన పనులు మూడు: టార్క్ బాక్సులతో ముందు రెయిలు కొసను రాకరుకు కట్టడం, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లతో ముందు రెయిలును వెనుక రెయిలుకు కలపడం, రెండు టవర్లను ఒకదానికొకటి, వెనుక ఉన్న ఫైర్‌వాల్‌కు (ఇంజనుకు, కారు లోపలికి నడుమ ఉన్న రేకు గోడకు) బిగించడం.

వీటన్నిటికంటే ముందు మనసులో పెట్టుకోవలసిన మాట ఒకటుంది. కొత్త ఇనుము వంకరను సరిచేయదు. వెల్డింగు చేసే వేళకు కారు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారాన్నే శాశ్వతం చేస్తుంది. ఈ పనిలో జరిగే తప్పుల్లో చాలా భాగం వెల్డింగు సరిగా రాకపోవడం వల్ల జరిగేవి కావు, వంగి వేలాడుతున్న కారుకు వెల్డింగు చేయడం వల్ల జరిగేవి.

కావలసినవి

మిగ్ వెల్డింగు మెషీను, 0.030 అంగుళాల (0.8 మి.మీ.) ఈఆర్70ఎస్-6 తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు. గ్యాసు లేకుండా ఫ్లక్స్ తీగతోనూ చేయవచ్చు, కానీ కారు కింద పడుకుని పలచని నేలరేకుకు వెల్డింగు చేసేటప్పుడు అది చిమ్మే నిప్పురవ్వలు, మిగిల్చే మడ్డి పనిని రెట్టింపు చేస్తాయి.

మీ కారు సంవత్సరానికి సరిపోయే టార్క్ బాక్సులు, వెల్డింగు చేసే రకం సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు. కిట్ కొనకుండా స్వయంగా తయారు చేసుకునే వారు 2×3 అంగుళాల దీర్ఘచతురస్రపు గొట్టాన్ని, 2 నుంచి 3 మి.మీ. మందంలో తీసుకోవచ్చు. 3 మి.మీ. మందం గొట్టం మీటరుకు సుమారు ఐదున్నర కిలోలు తూగుతుంది. అంతకంటే దిట్టమైనది వేస్తే బరువు పెరుగుతుందే తప్ప, దాన్ని అతికించే పలచని రేకు బలం పెరగదు.

టవర్లను ఫైర్‌వాల్‌కు కట్టే, ఒకే ముక్కగా వచ్చే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, రెండు టవర్లను ఒకదానికొకటి కలిపే మాంటే కార్లో బార్, రసమట్టం, దారానికి కట్టిన లంబపు గుండు, టేపు, సుద్దముక్క, డ్రిల్ బిట్ల సెట్టు, గ్రైండర్, దాని మీదే వెల్డ్ చేయగల వెల్డ్-త్రూ ప్రైమర్, అతుకులు మూసే సీమ్ సీలర్, పెట్టె భాగాల లోపలికి చిమ్మే క్యావిటీ వ్యాక్స్. మంటలార్పే సిలిండర్ ఒకటి, వెల్డింగు చేస్తున్నంతసేపు కారు లోపలి వైపు చూస్తూ ఉండే మనిషి ఒకరు తప్పనిసరి.

ముందుగా కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరు చూడండి. అందులో రెండవ అక్షరం ఫ్యాక్టరీని తెలుపుతుంది: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటచెన్. ఈ మెటచెన్ ఫ్యాక్టరీ ఉండేది నేడు మన వాళ్ళు విస్తారంగా నివసించే న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే. పనికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది ఐదవ అక్షరం. అది కె అయితే అది 289 హై-పర్ఫార్మెన్స్ ఇంజనుతో వచ్చిన కారు. అటువంటి అరుదైన కారుకు, షెల్బీ, బాస్ అనే ప్రత్యేక మస్టాంగ్ మోడళ్ళకు వెల్డింగు చేస్తే దాని విలువ దెబ్బతింటుంది. బోల్టులతో బిగించే కనెక్టర్లతో సరిపెట్టుకోండి. వాటివల్ల వచ్చే బిగువు తక్కువే, కానీ రేపు విప్పేయవచ్చు.

పని క్రమం

1. తుప్పును వెతకండి. నేలకు పూసిన తారు, పాత అండర్‌కోటింగ్ గీకి తీసేసి, చిన్న సుత్తితో తడుతూ వెళ్ళండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. బొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. ప్రత్యేకంగా చూడవలసిన చోట్లు ఐదు: బ్యాటరీ కింద ఉన్న ఏప్రన్ (ఇంజను పక్క రేకు గోడ), దాని కింది రెయిలు, ముందు అద్దం కింది కౌల్ నుంచి నీరు కారి పుచ్చిపోయే ముందు నేలరేకు, రాకర్ల అడుగు, వెనుక కమాను కట్ట ముందు కొసను పట్టుకునే పెట్టె. ఇక్కడ చిల్లులుంటే మిగతా పని ఆపి ముందు ఆ రేకు మార్చాలి. పుచ్చిన రేకుకు వెల్డింగు చేసిన కనెక్టరు మొదటి గుంటకే ఊడి వస్తుంది. రాకర్లు మార్చవలసి వస్తే రెండూ ఒకేసారి కోయకండి; తలుపు ఖాళీలో అడ్డంగా, ఐమూలగా ఇనుప పట్టీలు తాత్కాలికంగా వెల్డ్ చేసుకుని ఒక్కో పక్క ముగించండి.

2. కారును దాని చక్రాల మీదే నిలబెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. కారు బరువు సస్పెన్షన్ మీద ఉండాలి: నాలుగు చక్రాల కింద దిట్టమైన చెక్క దిమ్మల వరుసలు గాని, చక్రాలు ఎక్కి నిలిచే నాలుగు స్తంభాల లిఫ్టు గాని వాడండి. రెండు స్తంభాల లిఫ్టు మీద కారు నడుము దగ్గర ఆని, ముక్కు, తోక కిందికి వాలుతాయి. ఆ స్థితిలో వెల్డ్ చేస్తే ఆ వాలు అలాగే ఉండిపోతుంది. స్టాండ్లే గతి అయితే వెనుక స్టాండ్లను ఇరుసు గొట్టం కింద, ముందు స్టాండ్లను కింది కంట్రోల్ ఆర్మ్ బయటి కొస కింద పెట్టాలి, రెయిళ్ళ కింద కాదు. ఇంజను, గేర్‌బాక్స్, తలుపులు, అద్దాలు కారులో ఉండగానే ఈ పని చేయడం మంచిది. ఇంజను తీసిన ఖాళీ బాడీకి వెల్డ్ చేసి, తరువాత తలుపులు అమరడం లేదని బాధపడేవారు చాలామంది. నిలబెట్టాక రసమట్టాన్ని రెండు రాకర్ల మీద పొడవుగా, కారు నేల మీద అడ్డంగా పెట్టి చూసి, చక్రాల కింద పలచని పలకలు దూర్చి మట్టం కుదర్చండి.

3. కొలతలు తీసి రాసుకోండి. రెండు రకాల కొలతలు కావాలి.

మొదటిది నలుచదరం చూసే కొలత. కారుకు రెండు పక్కలా సమానంగా ఉండే గుర్తులను, ఉదాహరణకు కింది ఆర్మ్ బోల్టును, కమాను కట్ట ముందు బోల్టును ఎంచుకుని, వాటి నుంచి గుండు వేలాడదీసి, అది నేలను తాకే చోట సుద్దతో గుర్తు పెట్టండి. కుడి ముందు గుర్తు నుంచి ఎడమ వెనుక గుర్తుకు, ఎడమ ముందు నుంచి కుడి వెనుకకు కొలవండి. ఈ రెండు ఐమూల కొలతల మధ్య తేడా 3 మి.మీ. లోపు ఉంటే పని కొనసాగించవచ్చు. 6 మి.మీ. దాటితే కారు ఎప్పుడో దెబ్బ తిన్నదని భావించి, ఫ్రేమ్ సరిచేసే షాపులో లాగించిన తరువాతే కనెక్టర్ల సంగతి చూడండి. నడుమనున్న తేడాలకు ముందు బుష్షుల అరుగుదల చూసి, మళ్ళీ కొలవండి.

రెండవది తలుపు సందు. తలుపు వెనుక అంచుకు, బాడీకి మధ్య పైన ఒకచోట, కింద ఒకచోట టేపు అంటించి గుర్తు పెట్టండి. సందును కొలవడానికి డ్రిల్ బిట్ల నున్నని వెనుక భాగం చక్కగా సరిపోతుంది: సందులో వదులు లేకుండా జారే బిట్టు వ్యాసమే ఆ సందు కొలత. ఇప్పుడు ఎడమ ముందు రెయిలు కింద జాకీ పెట్టి చక్రం నేలను వదిలేంత వరకు మాత్రమే లేపి, అదే చోట మళ్ళీ కొలవండి. సందు ఎంత మారిందో రాసుకోండి. కుడి వైపూ ఇలాగే చేయండి. జాకీ పెట్టిన చోట రంగుతో గుర్తు పెట్టడం మరవకండి, పని ముగిశాక సరిగ్గా అక్కడే మళ్ళీ పెట్టాలి. ఈ కొలత తీసుకోని వారికి చివరలో కారు నిజంగా బిగిసిందో, ఖర్చు పెట్టాం కాబట్టి బిగిసినట్టు అనిపిస్తోందో తేల్చుకునే దారి ఉండదు.

4. కాలేవన్నీ తీసేయండి. సీట్లు, కార్పెట్, దాని కింది జనపనార పరుపు, నేలకు అంటించిన తారు షీట్లు, కింద వెళ్ళే బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబుళ్ళు అన్నీ తీయాలి లేదా పక్కకు జరపాలి. ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు పై భాగమే డిక్కీ నేల. వెనుక రెయిళ్ళకు వెల్డ్ చేసేముందు ట్యాంకును పూర్తిగా దింపి గరాజు బయట పెట్టండి. బ్యాటరీ కనెక్షన్లు రెండూ, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయండి.

ఒక తీవ్రమైన హెచ్చరిక: రేకు శుభ్రం చేయడానికి క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌ను ఏ పరిస్థితిలోనూ వాడకండి. దాని తడి మిగిలి ఉండగా వెల్డింగు వెలుగు, వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గుడ్డలను దూరంగా పడేయండి. అలాగే గాల్వనైజ్డ్ రేకు, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ కాలినప్పుడు వచ్చే తెల్లని పొగ పీల్చకూడదు. తలుపులు తెరిచి, పొగకు తగిన మాస్కు ధరించండి.

5. ముందుగా పారేసే ముక్కల మీద సాధన చేయండి. నేలరేకు మందం దాదాపు 1 మి.మీ. మాత్రమే, కనెక్టరు 2–3 మి.మీ. ఉంటుంది. అదే మందం ముక్కలు రెండు తీసుకుని, పలచని దానికి 8 మి.మీ. రంధ్రం వేసి, ఆ రంధ్రం నింపుతూ దిట్టమైన దానికి వెల్డ్ చేయండి. చల్లారాక వైస్‌లో బిగించి పలచని రేకును లాగి చించండి. రేకు చిరిగి, వెల్డ్ బొట్టు దిట్టమైన ముక్కకే అంటుకుని ఉండిపోతే మెషీను సెట్టింగు సరి. బొట్టు నున్నగా ఊడి వస్తే అది అతుక్కోలేదు, పైన కూర్చుందంతే, కరెంటు పెంచండి. మంట ఎప్పుడూ దిట్టమైన ముక్క మీద మొదలుపెట్టి పలచని దాని వైపు జరపాలి.

6. టార్క్ బాక్సులు. ముందు రెయిలు వెనుక కొస నుంచి రాకరుకు అడ్డంగా వేసే పెట్టెలివి. తొలి ఏళ్ళ కూపే, ఫాస్ట్‌బ్యాక్ కార్లలో ఇవి లేవు, తరువాతి కార్లలో ఒక వైపు గాని రెండు వైపులా గాని ఉండవచ్చు. మీ కారు కిందికి వంగి చూసుకోవడమే మేలు. బజారులో దొరికే బాక్సులు మొదటిసారికే అమరవు. అంచులు సుత్తితో సర్ది, గ్రైండ్ చేసి, సందు 1 మి.మీ. మించకుండా కూర్చున్నాకే అంచు పొడవునా రంధ్రాలు వేసి, లోపలి ముఖాలకు వెల్డ్-త్రూ ప్రైమర్ కొట్టి, ఆ రంధ్రాలు నింపుతూ ప్లగ్ వెల్డ్ చేయండి.

7. సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు. ముందు రెయిలు కొస, వెనుక రెయిలు మొదలు అతికినట్టు ఒకే గీతలో ఉంటాయని అనుకోవద్దు. యాభై ఏళ్ళు దాటిన కారులో కుడి పక్కకు సరిపోయినది ఎడమ పక్కకు సరిపోకపోవచ్చు. కాగితపు అట్టతో ముందు నమూనా కత్తిరించుకుని, దాని ప్రకారం కొసలు కోయండి. కనెక్టరు కొస రెయిలు ముఖానికి మొద్దుగా ఆనడం కాకుండా, కనీసం మూడు నాలుగు అంగుళాల మేర రెయిలు మీద పక్కగా లేదా కిందుగా పరుచుకోవాలి. బలం ఆ పొడవు అంతటా పంచుకోబడుతుంది. నేలకు తాకుతూ పోయే రకాన్ని అంగుళం వెల్డ్, మూడంగుళాలు ఖాళీ చొప్పున నేలరేకుకు కూడా కుట్టినట్టు వెల్డ్ చేయవచ్చు. దీనివల్ల బిగువు స్పష్టంగా పెరుగుతుంది, అయితే నేలరేకు మంచిగా ఉన్నప్పుడే.

జాకీతో కనెక్టరును పైకి అదిమి అమర్చుకోవచ్చు గాని, కారు లేచేంతగా అదమకండి. రసమట్టం బుడగ కదిలితే ఎక్కువైనట్టే. ముందు రెండు కొసల వద్ద ట్యాక్‌లు (చిన్న తాత్కాలిక వెల్డ్ చుక్కలు) మాత్రమే వేసి, బయటికి వచ్చి తలుపులు తెరిచి మూసి చూడండి, సందులు బిట్లతో కొలవండి. ఏమీ మారలేదని రూఢి అయ్యాకే పూర్తి వెల్డింగు. ఎడమ కనెక్టరు ముందు కొసన ఒక అంగుళం, తరువాత కుడి దాని వెనుక కొసన ఒక అంగుళం, మళ్ళీ ఎడమ వెనుక, కుడి ముందు, ఇలా మార్చుకుంటూ, చేయి పెట్టగలిగేంత చల్లారాకే అదే చోటికి తిరిగి రండి. ఒక పక్క ఏకబిగిన ముగిస్తే ఆ పక్క రేకు చల్లారుతూ ముడుచుకుని కారును తన వైపు లాగుతుంది. ఎర్త్ క్లాంపును వెల్డ్ చేస్తున్న చోటికి అడుగు దూరంలోనే బిగించండి.

వెల్డింగు ఆపాక కూడా గంటసేపు కారు దగ్గరే ఉండండి. సొరంగం మూలల్లో మిగిలిన తారు ముక్క పొగ కూడా కనిపించకుండా రాజుకుని, మీరు భోజనానికి వెళ్ళాక మండుతుంది.

8. షాక్ టవర్లు. స్ప్రింగును సరైన కంప్రెసర్‌తో బయటికి తీయండి. బిగిసి ఉన్న కాయిల్ స్ప్రింగు విసిరితే ఎముక విరుగుతుంది, అద్దె కంప్రెసర్ అయితే దాని మరల (స్క్రూ చుట్ల) అరుగుదల ముందే చూసుకోండి. టవరు లోపల పై ఆర్మ్ బోల్టుల చుట్టూ, టవరు అడుగు రెయిలును కలిసే చోట పెయింటు తీసి, పగుళ్ళు ఉన్నాయేమో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పగులు కనిపిస్తే దాని రెండు కొసల వద్ద 3 మి.మీ. రంధ్రాలు వేసి, పగులును గ్రైండ్ చేసి నింపి, పైన బలపు పలక వేయాలి. 1969 బాస్ 302కు ఫోర్డ్ సంస్థే బలపరచిన టవర్లు వేసింది కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టిన మార్గమేమీ కాదు.

తరువాత స్ప్రింగులు తిరిగి వేసి, కారును మళ్ళీ చక్రాల మీదికి దింపి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు విడి బ్రేసుల స్థానంలో ఒకే ముక్క ఎక్స్‌పోర్ట్ బ్రేస్ పెట్టి చూడండి. ఫైర్‌వాల్ వైపు రంధ్రాలు కలిసి, టవరు వైపువి కలవకపోతే చాలామంది బ్రేస్ తప్పని దాని రంధ్రాలను సాగదీస్తారు. చాలాసార్లు బ్రేస్ సరైనదే, టవర్లు లోపలికి వాలిపోయి ఉంటాయి. టవర్ల మధ్య మర జాకీ గాని, చేతి హైడ్రాలిక్ జాకీ గాని అడ్డంగా పెట్టి, రెండు కొసలకూ చెక్క దిమ్మలు ఆనించి, మెల్లగా, అప్పుడప్పుడు వదిలి కొలుస్తూ తెరవండి. రేకు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి అవసరానికి ఒక్కింత ఎక్కువ తెరవవలసి రావచ్చు. రంధ్రాలు కలిశాక ముందు బ్రేస్, ఆపైన మాంటే కార్లో బార్ బిగించండి. ఎయిర్ క్లీనర్ తగిలే కార్లకు వంపు తిరిగిన బార్ దొరుకుతుంది. బానెట్ మూసే ముందు ఎయిర్ క్లీనర్ మీద మైనం ముద్ద పెట్టి ఎంత అణిగిందో చూసుకోండి.

9. తుప్పు రాకుండా మూసేయండి. వెల్డింగు వేడికి లోపలి వైపు పెయింటు కాలిపోయి ఉంటుంది. అక్కడే రెండేళ్ళలో తుప్పు మొదలవుతుంది. బయట ప్రైమర్, సీమ్ సీలర్ వేసి, కనెక్టర్ల, టార్క్ బాక్సుల, రాకర్ల లోపలికి క్యావిటీ వ్యాక్స్ చిమ్మండి. రాకర్ల అడుగున, కనెక్టర్ల అడుగున నీరు కారే రంధ్రాలు తప్పక తెరిచి ఉండాలి.

ఫలితాన్ని సరిచూడటం

మూడవ అడుగులో చేసిన జాకీ పరీక్షను అవే గుర్తుల దగ్గర, అదే ఎత్తుకు లేపి మళ్ళీ చేయండి. పనికి ముందు తలుపు సందులో వచ్చిన మార్పుతో పోలిస్తే ఇప్పటి మార్పు బాగా తగ్గాలి, లేపి ఉంచినప్పుడు కూడా తలుపు పట్టకుండా తెరుచుకుని మూసుకోవాలి. ఏ తేడా కనిపించకపోతే రెండే కారణాలు ఉంటాయి: కనెక్టరు కొసలు మంచి రేకుకు అతుక్కోలేదు, లేదా బోల్టు రకం అయితే బోల్టులు జారుతున్నాయి. ఒక పక్క బాగా తగ్గి రెండవ పక్క తగ్గకపోతే ఆ పక్క రాకరు లోపల పుచ్చి ఉందేమో చూడండి. ఐమూల కొలతలు కూడా మళ్ళీ తీయండి. అవి ముందున్నట్టే ఉండాలి.

ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించడం తప్పదు, ఎందుకంటే టవర్లు కదిలితే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) కచ్చితంగా మారుతుంది. సైలెన్సర్ గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబుల్ కనెక్టర్లకు వేలెడు దూరంలోనైనా ఉన్నాయో లేదో, వెనుక ఇద్దరిని కూర్చోబెట్టి, కమాను కట్టలు అణిగి ఉండగా చూడండి. మొదటి రెండు మూడు వందల మైళ్ళ తరువాత బ్రేసుల బోల్టులన్నీ మళ్ళీ బిగించి, కనెక్టర్ల నాలుగు కొసల వద్ద పెయింటులో వెంట్రుక లాంటి గీతలు వచ్చాయేమో టార్చి వేసి చూడండి. గీత కనిపిస్తే దాని మీదే మరో పూస వెల్డ్ వేయడం సరిపోదు. కొసను పూర్తిగా గ్రైండ్ చేసి తీసి, రెయిలు మీద ఇంకా పొడవుగా పరుచుకునే పలక వేసి మళ్ళీ అతికించండి.